ప్రోగ్రెస్ బార్ 99 దగ్గర ఎందుకు నిలబడిపోతుంది?

క్లుప్తంగా: పని ఎంత శాతం అయిందో చూపే ఆ బార్ కదలకపోవడం, పని ఆగిపోవడం ఒకటి కావు. విండోను గీసుకునే తీరిక ప్రోగ్రామ్‌కి లేకపోవడం వల్ల బార్ ఆగిపోవచ్చు. బార్ సరిగ్గానే గీసుకుంటున్నా, శాతం కట్టే లెక్క తప్పై ఉండొచ్చు. మొదటి లోపానికి ఇరవై ఏళ్లుగా సులువైన మార్గాలున్నాయి. రెండోదానికి ఏ లైబ్రరీ (ఇతరులు ముందే రాసిపెట్టిన కోడ్) మందు కాదు. 'నూరు శాతం అంటే ఇక్కడ దేనికి నూరు' అని కోడ్ రాయకముందే తేల్చుకోవాలి.

## మార్చి నెలాఖరు ఫోన్లు

నెల్లూరులోనో ఒంగోలులోనో అకౌంట్స్ సాఫ్ట్‌వేర్ సర్వీసు చూసే కుర్రాళ్లకి మార్చి నెలాఖరున ఒకే రకం ఫోన్లు వస్తాయి: "అన్నా, 99 కాడ నిలబడిపోయింది. ఆపేయమంటావా?" ఆపేయమనాలా వద్దా అన్నది చిన్న ప్రశ్నేమీ కాదు. ఆపితే ఏడాది లెక్క సగంలో చెడొచ్చు. ఆపకపోతే, నిజంగానే హ్యాంగైన సిస్టమ్ ముందు మధ్యాహ్నమంతా కూర్చోవాల్సి రావచ్చు.

రైస్ మిల్లులో ఏడాది చివరి పోస్టింగ్ (చీటీలను ఖాతాల్లోకి ఎక్కించడం), పొగాకు వేలం సీజన్ అయ్యాక బేళ్ల స్టేట్‌మెంట్, చీమకుర్తి గ్రానైట్ యూనిట్లో బ్లాకుల స్టాకు లెక్క, రొయ్యల మేత డీలరు దగ్గర చెరువులవారీ బాకీల జాబితా... ఇవేవీ రోజూ నడిపే పనులు కావు. రోజూ వాడే బిల్లింగ్ స్క్రీన్ నాలుగు సెకన్లు ఆగితే అది దాని నైజమని గుమాస్తాకి తెలుసు. ఏడాదికోసారి నడిచే పని మీద అలాంటి అంచనా ఎవరికీ ఉండదు. అక్కడ బార్ ఏం చెబితే అదే నమ్మాలి. అందుకే ప్రోగ్రామ్‌లో అందరికంటే తక్కువ శ్రద్ధ పెట్టి రాసే భాగం మీదే అందరికంటే ఎక్కువ టెన్షన్ పడే సమయంలో ఆధారపడాల్సి వస్తుంది.

## నేపథ్యం

పని ఎంతవరకు వచ్చిందో గీత రూపంలో చూపడం కంప్యూటర్ల కంటే పాతది. ఫ్యాక్టరీల పని పట్టికల్లో ఇది ఇరవయ్యో శతాబ్దం తొలి దశకాల్లోనే వాడుకలో ఉంది. కంప్యూటర్ తెర మీద దీని ఉపయోగాన్ని పరీక్షించి చూపినవారిలో ముఖ్యుడు బ్రాడ్ మయర్స్. శాతం చూపే సూచికలు ఉంటే వాడేవాళ్లు వాటినే ఇష్టపడతారని, అవి ఉపయోగపడతాయని 1985లో ఆయన ఒక పరిశోధనా పత్రంలో వాదించారు.

దానికి ముందే, 1968లో, రాబర్ట్ మిల్లర్ కంప్యూటర్ జవాబిచ్చే సమయాల మీద రాశారు. ఆ దారిలోనే 1993లో జేకబ్ నీల్సన్ స్థిరపరచిన మూడు హద్దులు ఇప్పటికీ చెల్లుతున్నాయి. సెకనులో పదో వంతు లోపు జవాబు వస్తే అప్పటికప్పుడు జరిగినట్టే ఉంటుంది. ఒక సెకను దాకా ఆలోచన తెగదు. పది సెకన్లు దాటితే మనసు వేరే పని మీదికి పోతుంది. శాతం చూపే బార్ కచ్చితంగా కావాల్సింది ఈ మూడో హద్దు దగ్గరే. రెండు సెకన్ల పనికి బార్ పెడితే అది మెరిసి మాయమై కళ్లను విసిగిస్తుంది. విండోలు, బటన్లు గీయడానికి ప్రోగ్రామర్లు వాడే టూల్‌కిట్లు ఈ సంగతిని లోపలే పెట్టుకున్నాయి. క్యూటీలోని ప్రోగ్రెస్ డైలాగ్, పని నాలుగు సెకన్లకు పైగా పట్టేలా ఉంటేనే బయటికొస్తుంది. జావా స్వింగ్‌లోని ప్రోగ్రెస్ మానిటర్ అర సెకను ఆగి, మొత్తం పని రెండు సెకన్లు దాటేలా ఉంటేనే కనిపిస్తుంది.

## 'నాట్ రెస్పాండింగ్' ఎలా వస్తుంది

విండోస్‌లో ప్రతి విండోకీ ఒక థ్రెడ్ (ప్రోగ్రామ్ లోపల ఒక వరుసగా సాగే పని ధార) యజమాని. మౌస్ నొక్కులు, కీబోర్డు అక్షరాలు, 'నిన్ను మళ్లీ గీసుకో' అనే ఆదేశాలు మెసేజ్‌ల రూపంలో ఒక వరుసలో చేరతాయి. ఆ థ్రెడ్ ఒక్కోదాన్నీ తీసి పని ముగిస్తుంది. మిల్లు కాటా దగ్గర తూకం వేసేవాడూ చీటీ రాసేవాడూ ఒకడే అయితే, తూకం జరుగుతున్నంతసేపూ చీటీ అడిగినవాడికి పలుకు ఉండదు. 'పోస్టింగ్ మొదలుపెట్టు' బటన్ కింద రాసిన కోడ్ పది నిమిషాలు నడిస్తే, ఆ పది నిమిషాలూ వరుసలోని మెసేజ్‌లను తీసేవాడు లేడు.

అయిదు సెకన్లపాటు మెసేజ్‌లు తీయని విండోను విండోస్ స్పందన లేనిదిగా లెక్కిస్తుంది. అసలు విండోను దాచి, దాని స్థానంలో దాని బొమ్మను పెడుతుంది. దాన్ని జరపవచ్చు, కిందికి దించవచ్చు, మూసేయవచ్చు. టైటిల్ పక్కన 'నాట్ రెస్పాండింగ్' అని చేరుతుంది. విండోస్ విస్టా నుంచి ఆ విండో తెల్లబారడం కూడా మొదలైంది. ఇక్కడ చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. ఆ తెల్లబారిన విండో మీద బార్ 37 దగ్గర కనబడుతుంటే, అది అంతకుముందు తీసిన బొమ్మలోని 37. లోపల పని 80 దాటి ఉండొచ్చు. పని నిజంగా ఆగిందో లేదో ఆ బార్‌ని చూసి చెప్పలేం. టాస్క్ మేనేజర్ తెరిచి సీపీయూ, డిస్క్ వాడకం కదులుతున్నాయేమో చూడటం అంతకంటే నమ్మకమైన పద్ధతి.

1998 నాటి విజువల్ బేసిక్ 6లో రాసిన ప్రోగ్రాములు ఇప్పటి విండోస్ మీద కూడా నడుస్తాయి. ఆ కాలపు విరుగుడు 'డూఈవెంట్స్'. లూప్ (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేసే కోడ్) మధ్యలో ఈ ఒక్క మాట రాస్తే, ప్రోగ్రామ్ కాసేపు ఆగి వరుసలోని మెసేజ్‌లన్నీ తీసి మళ్లీ లూప్‌లోకి వస్తుంది. బార్ కదులుతుంది, విండో తెల్లబారదు. కానీ తీసే మెసేజ్‌లలో మౌస్ నొక్కులూ ఉంటాయి. గుమాస్తా ఓపిక లేక 'పోస్టింగ్' బటన్ మళ్లీ నొక్కితే, మొదటి లూప్ సగంలో ఉండగానే అదే లూప్ మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. రైతు ఖాతాలో ఒకే జమ రెండుసార్లు పడటం వెనక ఇలాంటి కథ ఉండవచ్చు. పని మొదలవగానే బటన్‌ని పనిచేయకుండా చేయడం ఒక్క లైను. ఆ ఒక్క లైను మర్చిపోయిన ప్రోగ్రాములకు కొదవ లేదు.

అసలు పరిష్కారం పనిని వేరే థ్రెడ్‌కి అప్పగించడం. అయితే విండోను, దాని మీది బార్‌ను తాకే హక్కు వాటిని తయారుచేసిన థ్రెడ్‌కే ఉంటుంది. పనిచేసే థ్రెడ్ నేరుగా బార్ విలువ మార్చకూడదు. 'ఇంతవరకు వచ్చింది' అని కబురు పంపాలి. 2005లో మైక్రోసాఫ్ట్ వారి ప్రోగ్రామింగ్ వేదిక డాట్‌నెట్ 2.0తో వచ్చిన బ్యాక్‌గ్రౌండ్‌వర్కర్ సరిగ్గా ఇందుకే. ఒక ఈవెంట్‌లో పని, ఇంకో ఈవెంట్‌లో బార్ కదలిక, మూడోదాంట్లో ముగింపు. వర్కర్‌రిపోర్ట్స్‌ప్రోగ్రెస్ అనే గుణాన్ని ట్రూ చేయకుండా రిపోర్ట్‌ప్రోగ్రెస్ పిలిస్తే ఎర్రర్ వస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్లు మొదట తట్టుకునేది ఇక్కడే. 2012లో డాట్‌నెట్ 4.5తో ఎసింక్, అవైట్‌లతోపాటు ప్రోగ్రెస్ అనే చిన్న క్లాసు వచ్చాక ఇది ఇంకా తేలికైంది. తనను ఏ థ్రెడ్‌లో తయారుచేశారో అది గుర్తుపెట్టుకుని, కబుర్లను అక్కడికే చేరుస్తుంది. జావాలో స్వింగ్‌వర్కర్, క్యూటీలో సిగ్నల్స్, పైథాన్ టీకేఇంటర్‌లో క్యూ పెట్టి 'ఆఫ్టర్'తో చూసుకోవడం... పేర్లు వేరైనా సూత్రం ఒకటే.

హక్కు లేని థ్రెడ్ నుంచి బార్‌ని తాకితే, డీబగ్గర్‌లో (ప్రోగ్రామర్ తప్పులు వెతుక్కునే సాధనంలో) నడిపేటప్పుడు డాట్‌నెట్ ఎర్రర్ ఇచ్చి ఆపుతుంది. డీబగ్గర్ లేకుండా కస్టమర్ మెషిన్‌లో నడిచేటప్పుడు మామూలుగా ఈ తనిఖీ ఉండదు. ఆ ఎర్రర్‌కి విసుగుపడి తనిఖీనే ఆపేసిన ప్రోగ్రామర్ తప్పును దిద్దలేదు. కనబడకుండా చేసి మిల్లుకి పంపాడు, అంతే.

## నూరు అంటే దేనికి నూరు?

థ్రెడ్ల సంగతి తేలిపోయాక కూడా 99 సమస్య మిగులుతుంది. ఇది గీయడంలో లోపం కాదు, లెక్కలో లోపం.

ఒక మిల్లులో 400 మంది రైతుల ఖాతాలు, మొత్తం 6,000 కాటా చీటీలు ఉన్నాయనుకుందాం. ప్రోగ్రామ్ రైతులవారీగా నడుస్తుంది కాబట్టి, ప్రోగ్రామర్ 'అయిన రైతులు భాగించు మొత్తం రైతులు' అని శాతం కట్టాడు. చూడటానికి సబబుగానే ఉంది. కానీ చిన్న రైతుకి రెండు మూడు చీటీలుంటే, ఊళ్ల మీద ధాన్యం పోగుచేసి తెచ్చే దళారీ పేరు మీద 900 ఉన్నాయి. ఖాతాలు అక్షరక్రమంలో నడుస్తాయి. ఆ దళారీ పేరు 'వెంకట'తో మొదలై జాబితాలో ఆఖరున ఉంది. 399 మంది అయిపోయేసరికి లెక్క 99.75 శాతం, పూర్ణాంకంగా బార్ చూపేది 99. చీటీల్లో చూస్తే అయినవి 5,100, అంటే 85 శాతమే. మిగతా 15 శాతం పనంతా 99 అనే అంకె వెనకే జరగాలి. అప్పటిదాకా గంతులేసిన బార్ ఒక్కసారిగా బిగుసుకుపోయినట్టు కనబడేది అందుకే. ఎక్కడా ఏదీ చెడలేదు.

చీటీలను లెక్కపెడితే ఈ చిక్కు విడిపోతుంది. ధాన్యం బరువును కొలతగా తీసుకుంటే? ఎన్ని పుట్లు లెక్కకొచ్చాయో చూపితే యజమానికి బాగా అర్థమవుతుందని అనిపించవచ్చు. నెల్లూరు లెక్కలో పుట్టి అంటే 850 కిలోలు, అందరికీ తెలిసిన కొలతే. కానీ ఒక పుట్టి చీటీకీ ఇరవై పుట్ల చీటీకీ డేటాబేస్‌లో పట్టే సమయం ఒకటే. కొలత వాడేవాడికి అర్థమైతే చాలదు. సమయం దేనితోపాటు పెరుగుతుందో దాన్నే కొలవాలి. ఈ రెండూ కలిసిరాని చోట బార్‌ని సమయంతో పెరిగే కొలతతో నడిపి, పుట్ల సంఖ్యను పక్కన అక్షరాల్లో రాయడం మేలు.

ఫైళ్ల కాపీలో ఇదే గొడవ వేరే రూపంలో వస్తుంది. ఫొటో స్టూడియోలో పెళ్లి ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కిస్తున్నారు. అందులో వెయ్యి ఫొటోలు, ఒక పెద్ద వీడియో. ఫైళ్లను లెక్కపెడితే వీడియో దగ్గర బార్ నిలబడుతుంది. బైట్లను లెక్కపెడితే దాదాపు సరిపోతుంది. దాదాపు మాత్రమే, ఎందుకంటే ప్రతి ఫైలుకీ తెరవడం, పేరు నమోదు, యాంటీవైరస్ తనిఖీ, మూయడం అనే ఖర్చులు సైజుతో సంబంధం లేకుండా ఉంటాయి. పది కిలోబైట్ల ఫైళ్లు లక్ష ఉన్న ఫోల్డర్, ఒక గిగాబైట్ ఒంటి ఫైలు కంటే ఎన్నో రెట్లు నెమ్మదిగా కదలడం ఇందుకే. రెండింటినీ కలిపి, ఒక్కో ఫైలుకి ఇన్ని బైట్లు అదనం అని కలుపుకుంటే బార్ ఇంకాస్త నిలకడగా నడుస్తుంది.

దశలుగా సాగే పనుల్లో తప్పు ఇంకా పెద్దది. పోస్టింగ్‌లో నాలుగు దశలున్నాయనుకుందాం: చదవడానికి 10 సెకన్లు, లెక్కకి 40, ఇండెక్సులు (డేటాను త్వరగా వెతకడానికి వాడే సూచికలు) కట్టడానికి 30, పీడీఎఫ్ రిపోర్టుకి 120. నాలుగు దశలు కదా అని ఒక్కోదానికీ 25 శాతం పంచితే, 80 సెకన్లకే బార్ 75కి చేరి, మిగిలిన పాతికకు రెండు నిమిషాలు తీసుకుంటుంది. అసలు వాటాలు 5, 20, 15, 60. కొందరు దీన్ని తప్పించుకోవడానికి ప్రతి దశకీ బార్‌ని సున్నా నుంచి మొదలుపెడతారు. నాలుగోసారి నింపుకుంటున్న బార్‌ని చూసేవాడికి ఇది ఆఖరిదో కాదో తెలియదు. 'నాలుగులో మూడో దశ' అని పైన రాయకపోతే ఆ బార్ వల్ల ప్రయోజనం లేదు.

99 దగ్గర ఆగడానికి ఇంకో కారణం ప్రోగ్రామ్ చేతిలో పూర్తిగా లేదు. 'రాయి' అని ఆపరేటింగ్ సిస్టమ్‌ని అడిగితే, అది సాధారణంగా డేటాను ముందు మెమరీలోకి తీసుకుని 'రాశాను' అని జవాబిస్తుంది. నిజంగా డిస్క్ మీదికి చేర్చడం తర్వాత. లినక్స్‌లో నెమ్మదైన పెన్‌డ్రైవ్‌కి కాపీ చేస్తే బార్ చకచకా నూటికి చేరి, ఆ తర్వాత ఎజెక్ట్ చేయబోతే నిమిషాలపాటు కదలకపోవడం చాలామందికి అనుభవమే. ప్రోగ్రామ్ చివర్లో 'అంతా డిస్క్‌కి చేర్చు' అని పట్టుబట్టినా, పెద్ద ట్రాన్సాక్షన్‌ని (అన్నీ కలిపి ఒకే మూటగా కట్టిన మార్పులను) కమిట్ చేసినా, అంటే ఖాయం చేసినా, ఆ దాచిపెట్టిన సమయమంతా అక్కడే బయటపడుతుంది. మధ్యమధ్యలో కొంతకొంతగా డిస్క్‌కి చేరుస్తూ పోతే బార్ మెల్లగా నడుస్తుంది, కానీ చివర్లో మొండికేయదు.

## అంకెల్లో దొర్లే తప్పులు

ఇవి చిన్నవే కానీ బాగా తిప్పలు పెడతాయి. పూర్ణాంకాల్లో 'అయినవి భాగించు మొత్తం, ఆపైన ఇంటూ 100' అని రాస్తే, సీ షార్ప్‌లోనూ జావాలోనూ ఆఖరి అంశం దాకా సున్నానే వస్తుంది. తర్వాత ఒక్క గంతులో 100. ముందు 100తో గుణించి తర్వాత భాగించాలి. అక్కడ ఇంకో గొయ్యి. 32 బిట్ల పూర్ణాంకంలో పట్టే గరిష్ఠం 2,147,483,647. బైట్లను లెక్కపెడుతూ 100తో గుణిస్తే, సుమారు రెండు కోట్ల 14 లక్షల బైట్లు, అంటే 20 మెగాబైట్లు దాటగానే విలువ రుణాత్మకమవుతుంది. బార్ ఆ విలువని ఒప్పుకోదు, ఎర్రర్ వస్తుంది.

విజువల్ బేసిక్ 6లో ఇది మరీ దగ్గర్లో ఉంటుంది. అక్కడ ఇంటిజర్ 16 బిట్లది, గరిష్ఠం 32,767. లూప్ సంఖ్యను ఇంటిజర్‌గా ప్రకటించి 100తో గుణిస్తే 328వ చీటీ దగ్గరే 'రన్‌టైమ్ ఎర్రర్ 6, ఓవర్‌ఫ్లో' వస్తుంది. మూడొందల చీటీలతో పరీక్షించిన ప్రోగ్రామ్‌కి ఏ జబ్బూ కనబడదు. కోతలు ముమ్మరమైన వారంలో మిల్లులో పడిపోతుంది. విండోస్ బార్‌కి పరిధి చెప్పే పాత మెసేజ్‌లోనూ గరిష్ఠం 65,535 మాత్రమే. 32 బిట్ల పరిధికి వేరే మెసేజ్ ఉంది.

ఇక ఎన్నిసార్లు గీయాలి? లక్ష చీటీలకి లక్షసార్లు కబురు పంపితే, పని కంటే కబుర్లకే ఎక్కువ సమయం పోవచ్చు. మెసేజ్‌ల వరుస నిండిపోయి, వేరే థ్రెడ్ పెట్టి కూడా విండో బిగుసుకుపోతుంది. సెకనుకి పది సార్లకు మించి కన్ను కోరుకోదు. శాతం మారినప్పుడు మాత్రమే పంపినా చాలు.

## ఇంకెంతసేపు?

శాతం కంటే కష్టమైన ప్రశ్న ఇది. తేలిక సూత్రం: 20 శాతానికి 30 సెకన్లు పట్టింది కాబట్టి మిగతా 80కి 120. పని మొత్తం ఒకే వేగంతో సాగితేనే ఇది నిజం. మొదటినుంచి ఇప్పటిదాకా ఉన్న సగటు వేగం తీసుకుంటే, మధ్యలో వేగం పడిపోయిన సంగతి లెక్కకి ఆలస్యంగా అందుతుంది. చివరి రెండు సెకన్ల వేగమే తీసుకుంటే అంచనా '4 నిమిషాలు', '2 గంటలు', '40 సెకన్లు' అంటూ ఊగుతుంది. పాత విండోస్ కాపీ డైలాగ్ నవ్వులపాలైంది ఇందుకే. పాత అంచనాకి ఎక్కువ బరువు, కొత్త కొలతకి తక్కువ బరువు ఇచ్చి కలిపే పద్ధతి ఈ రెండింటికీ మధ్యేమార్గం. విండోస్ 8 కాపీ డైలాగ్‌లో వేగాన్ని గ్రాఫ్‌గా చూపడం మొదలుపెట్టారు. అంచనా ఎందుకు మారిందో చూసేవాడికే అర్థమవుతుంది కాబట్టి అది మంచి నిర్ణయం. మామూలు ప్రోగ్రామ్‌కి అంత అక్కర్లేదు. మొదటి కొన్ని సెకన్లు సమయం చూపకుండా ఉండి, ఆ తర్వాత 'సుమారు 3 నిమిషాలు' అని గుండుగుత్తగా చెబితే చాలు. '2 నిమిషాల 47 సెకన్లు' అనే అంకెకి లేని నిక్కచ్చితనం వస్తుంది.

## మొత్తం తెలియనప్పుడు

కొన్ని పనులకి మొత్తం ఎంతో ముందు తెలియదు. డేటాబేస్‌కి ఒక పెద్ద క్వెరీ (డేటా కోసం అడిగే ప్రశ్న) పంపితే అది తిరిగొచ్చేదాకా ఎంత అయిందో ప్రోగ్రామ్‌కి తెలియదు. ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్ బ్యాకప్, రీస్టోర్, రోల్‌బ్యాక్ (చేసిన మార్పులను వెనక్కి తీసుకోవడం) వంటి కొన్ని పనులకు మాత్రం పూర్తయిన శాతాన్ని చెబుతుంది. డేటాను చదివే సెలెక్ట్, మార్చే అప్‌డేట్ వంటి మామూలు పనులకు చెప్పదు. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ బ్యాకప్‌లో మొత్తం పేజీలెన్నో, మిగిలినవెన్నో అడిగి తెలుసుకోవచ్చు. తెలిసే చోట అడగాలి. తెలియని చోట అటూ ఇటూ పరుగెత్తే బార్ పెట్టాలి. విండోస్‌లో దీన్ని మార్కీ అంటారు, ఎక్స్‌పీ కాలం నుంచి ఉంది. క్యూటీలో కనిష్ఠం, గరిష్ఠం రెండూ సున్నా పెడితే ఇదే వస్తుంది. జీటీకే అనే టూల్‌కిట్‌లో 'పల్స్' అని పిలుస్తారు.

మార్కీ విషయంలో ఒక జాగ్రత్త. అది కదిలేది విండోను గీసే థ్రెడ్ మీద, పని నడిచేది ఇంకో థ్రెడ్ మీద. పనిచేసే థ్రెడ్ నెట్‌వర్క్ తెగి చచ్చిపోయినా బార్ హుషారుగా పరుగెడుతూనే ఉంటుంది. కాబట్టి దాని పక్కన నిజంగా పనిలోంచి వచ్చే అంకె ఒకటుండాలి: 'ఇప్పటిదాకా 4,212 చీటీలు'. మొత్తం తెలియకపోయినా ఆ అంకె పెరుగుతోందా లేదా అన్నది తెలుస్తుంది. ఇలాంటి చోట ఊహించి శాతం చూపడం కంటే ఇదే నిజాయితీ.

## కంటికి వేగం

శాతం కచ్చితంగా ఉన్నంత మాత్రాన సమయం తక్కువగా తోచదు. క్రిస్ హారిసన్, సహ పరిశోధకులు 2007లో వేర్వేరు వేగాలతో నడిచే బార్లను పోల్చి చూశారు. చివర్లో వేగం పుంజుకునే బార్ తొందరగా అయినట్టు అనిపించింది. చివర్లో ఆగే బార్ మరీ ఎక్కువసేపు పట్టినట్టు తోచింది. 2010లో బార్ లోపల వెనక్కి జరిగే చారలు పెడితే సమయం సుమారు 11 శాతం తగ్గినట్టు అనిపిస్తుందని చూపారు. 99 దగ్గర ఆగడం అంత కోపం ఎందుకు తెప్పిస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది. అదే ఆలస్యం 30 దగ్గర జరిగితే ఎవరూ ఫోన్ చేయరు.

దీన్ని అడ్డం పెట్టుకుని అబద్ధపు బార్లు రాయొచ్చా? ఆఖరి దశకి కాస్త ఎక్కువ వాటా కేటాయించి, చివర్లో బార్ అనుకున్నదానికంటే ముందే నిండేలా చేయడంలో తప్పు లేదు. టైమర్ పెట్టి పనితో సంబంధం లేకుండా బార్ నింపడం మాత్రం మోసమే. కరెంటు పోయేలా ఉన్నప్పుడు యూపీఎస్ మీద ఇంకెంతసేపు నడపాలో ఆ బార్ చూసే తేల్చుకుంటారు.

తెలియకుండా జరిగే అబద్ధం కూడా ఒకటుంది. విస్టా నుంచి విండోస్ బార్ కొత్త విలువ దగ్గరికి మెల్లగా జారుతూ వెళుతుంది. పని చకచకా అయిపోతే బార్ 70 దగ్గర ఉండగానే 'పూర్తయింది' అన్న మెసేజ్ వచ్చేస్తుంది. విలువ తగ్గించేటప్పుడు మాత్రం ఈ జారుడు ఉండదు. అందుకే ప్రోగ్రామర్లు కావాల్సిన విలువకి ఒకటి ఎక్కువ పెట్టి, వెంటనే ఒకటి తగ్గిస్తారు.

## ఆపేయమంటావా?

ఇక మొదటి ప్రశ్న. డేటా మైక్రోసాఫ్ట్ యాక్సెస్ వారి ఫైల్లో ఉంటే, రాస్తుండగా పవర్ తీసేస్తే ఫైలు పాడై రిపేర్ చేయాల్సి రావచ్చు. ఎస్‌క్యూఎల్ సర్వర్ వంటివి లాగ్ (చేసే మార్పుల చిట్టా) రాసుకుంటాయి కాబట్టి, పూర్తికాని ట్రాన్సాక్షన్‌ని మళ్లీ మొదలైనప్పుడు వెనక్కి తీసుకుంటాయి. ఆ వెనక్కి తీసుకోవడానికీ సమయం పడుతుంది. పది నిమిషాలు నడిచిన పనిని ఆపితే ఇంచుమించు అంతసేపు రోల్‌బ్యాక్ జరగడం మామూలే. అది తెలియక రెండోసారి, మూడోసారి స్విచ్ కట్టేసేవాళ్లుంటారు. మొత్తం పోస్టింగ్‌ని ఒకే ట్రాన్సాక్షన్‌లో పెట్టని ప్రోగ్రామ్ అయితే, ఏ డేటాబేస్ ఉన్నా సగం ఖాతాలు కొత్త ఏడాదిలో, సగం పాత ఏడాదిలో మిగిలిపోతాయి.

అందుకే బార్ పక్కన 'రద్దు' బటన్ ఉండాలి. ఆ బటన్ థ్రెడ్‌ని బలవంతంగా చంపకూడదు. 'ఆపమన్నారు' అని ఒక గుర్తు పెట్టాలి, లూప్ ప్రతి చీటీ దగ్గరా దాన్ని చూసుకుని ట్రాన్సాక్షన్‌ని వెనక్కి తీసుకుని బయటికి రావాలి. కమిట్ మొదలయ్యాక ఆ బటన్‌ని పనిచేయకుండా చేసి, 'లెక్కలు భద్రపరుస్తున్నాం, సిస్టమ్ ఆపవద్దు' అని తెలుగులో రాయాలి. బార్ ఎర్రగా మారితే ఎర్రర్, పసుపైతే ఆగింది అన్న రంగుల భాష విస్టా నుంచి ఉంది కానీ, కౌంటర్ దగ్గర కూర్చున్నవాళ్లందరికీ అది తెలియాలని లేదు.

దశల వాటాలు ఎంతెంత ఉండాలో ముందే ఊహించాల్సిన పని కూడా లేదు. ఈ ఏడాది ఒక్కో దశకి ఎన్ని సెకన్లు పట్టిందో ప్రోగ్రామ్ ఒక చిన్న ఫైల్లో రాసుకుంటే, వచ్చే మార్చికి అవే వాటాలవుతాయి. ఆ లోపు చీటీలు పెరిగితే వాటి సంఖ్యతో గుణించుకోవచ్చు. పాత హార్డ్ డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ పెట్టిన ఏడాది ఒక్కసారి లెక్క తప్పుతుంది, మరుసటి ఏడాదికి దానంతటదే సర్దుకుంటుంది.